ఫారం ఎవరు నింపినా సంతకం పిల్లలదే

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్రతి ఏడాదీ జూన్ జులై నెలల్లో మీ పేపర్ జిల్లా పేజీల్లో అమెరికా కన్సల్టెన్సీల యాడ్స్ వస్తుంటాయి, పాస్‌పోర్ట్ పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫోటోలు, వాటి కింద వీసా గ్యారంటీ, అప్లికేషన్ నుంచి ఫ్లైట్ ఎక్కేదాకా అన్నీ మేమే చూసుకుంటాం అని. ఆ చివరి మాట గురించే ఈ ఉత్తరం. అన్నీ వాళ్ళే చూసుకోవడం వల్ల మా అమ్మాయి ఒకసారి దెబ్బతింది, అందులోంచి బయటపడ్డాక మాకు అర్థమైంది నలుగురికీ చెప్పాలనిపించి రాస్తున్నా, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

నేను తెనాలిలో పోస్టల్ అసిస్టెంట్‌ని. 27 ఏళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం సేవింగ్స్ కౌంటర్‌లోనే గడిచిపోయింది. చదువురాని పెద్దావిడ ఎవరైనా విత్‌డ్రాయల్ ఫారం పక్కనోళ్ళతో నింపించుకుని తెస్తే వేలిముద్ర వేయించుకునే ముందు ఫారం మొత్తం చదివి వినిపిస్తా, అమ్మా ఇందులో పదివేలని ఉంది నువ్వు తీసుకునేది పదివేలేనా అని అడుగుతా. ఒకసారి ఒకావిడ కాదు నాయనా తొమ్మిదే అంది. ఆ వెయ్యి ఎవరు కలిపారో మీకు చెప్పక్కర్లేదు. ఇంత జాగ్రత్తగా ఉండే నేను మా అమ్మాయి అమెరికా ఫారాలు ఒక్కటి కూడా చదవకుండా వేరేవాళ్ళ చేతిలో పెట్టా, అది ఇప్పటికీ బాధే.

అమ్మాయి బీటెక్ ట్రిపుల్ ఈ చేసింది, రెండు బ్యాక్‌లాగ్స్ ఉండేవి తర్వాత క్లియర్ చేసుకుంది. వాళ్ళ బాబాయ్ కరెంట్ ఆఫీసులో లైన్‌మన్, చిన్నప్పటి నుంచి ఆయన వెనకాల సబ్‌స్టేషన్‌కి వెళ్ళి ఆ ట్రాన్స్‌ఫార్మర్ల హోరు వింటూ పెరిగిన పిల్ల, పవర్ సిస్టమ్స్‌లో ఎంఎస్ చేస్తానంది. 2022లో అమెరికాలో ఎంఎస్ సీటుకి రాసే జీఆర్ఈ రాసింది, అప్పట్లో అది మూడు గంటల నలభై ఐదు నిమిషాల పరీక్ష, ఇప్పుడు రెండు గంటల్లోపే అయిపోతుంది, 2023 సెప్టెంబర్‌లో తగ్గించారు. తర్వాత అందరూ వెళ్తున్నారు కదా అని మేమూ ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం. ఫ్రీ సర్వీస్ అన్నారు, అప్లికేషన్ ఫీజులు మాత్రం మీరు కట్టుకోండి అన్నారు. అది ఎలా ఫ్రీ అవుతుందో నాకు తట్టలేదు. కొన్ని యూనివర్సిటీలు పిల్లల్ని పంపించిన ఏజెంట్లకి కమీషన్ ఇస్తాయని తర్వాత తెలిసింది. అమ్మాయి పవర్ సిస్టమ్స్ అంటే వాళ్ళు ఐదు యూనివర్సిటీల లిస్టు ఇచ్చారు, అందులో మూడింటిలో ఆ స్పెషలైజేషనే లేదు, డేటా సైన్స్‌కి మార్చుకోండి జాబులు దానికే అన్నారు. మిగిలిన రెండింటికే అప్లై చేస్తానని ఇది మొండికేసింది, ఒహాయోలో ఒక స్టేట్ యూనివర్సిటీ నుంచి అడ్మిట్ వచ్చింది.

ఆ ఎస్ఓపీ సంగతి చెప్పాలి. ఎందుకు చదవాలనుకుంటున్నావో నీ మాటల్లో రాయమని యూనివర్సిటీ అడిగే రెండు పేజీల వ్యాసం అది. కన్సల్టెన్సీ వాళ్ళు రాసి పంపించింది అమ్మాయి రాత్రి వంటింట్లో కూర్చుని వాళ్ళమ్మకి తెలుగులో చెప్తోంది, చిన్ననాటి నుంచి టెక్నాలజీ అంటే నాకు అమితమైన ఆసక్తి అని మొదలు. అప్పుడే దాని ఫ్రెండ్ ఫోన్ చేస్తే ఆ పిల్లకి వచ్చింది కూడా చదవమంది, మొదటి పేరా అక్షరం పొల్లుపోకుండా అదే. మా ఆవిడ పప్పు తిరగమోత పెడుతూ, సబ్‌స్టేషన్ గురించి ఎక్కడా లేదేంటే అంది. ఒక్క ముక్క లేదు. అయినా టైం లేదని దాన్నే పంపించేశారు, అడ్మిషన్ వచ్చింది కాబట్టి మేమూ పట్టించుకోలేదు. రికమండేషన్ లెటర్లూ అంతే, మీరే రాసుకురండి సంతకం పెడతా అనే లెక్చరర్లు ఉన్నారు, ఒక్క సార్ మాత్రం తన చేత్తో రాశారు, ఈ అమ్మాయి ల్యాబ్‌లో రిలే అనే పరికరం పనిచేయకపోతే సాయంత్రం ఆరింటిదాకా ఉండి తప్పెక్కడుందో పట్టుకుందని నాలుగే లైన్లు. ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాం.

తర్వాత ఐ ట్వంటీ. మొదటి ఏడాది ఫీజు, ఖర్చులకి సరిపడా డబ్బు ఉందని చూపిస్తేనే యూనివర్సిటీ ఆ కాగితం ఇస్తుంది, అది లేకపోతే వీసాకి అప్లై చేయలేం. మాకు 38 వేల డాలర్లు చూపించమన్నారు, అప్పటి రేటుకి 31 లక్షల పైచిలుకు. కన్సల్టెన్సీ వాళ్ళు వెంటనే మీ అకౌంట్లో మేం వేసి చూపిస్తాం, పనయ్యాక తీసేస్తాం, పర్సంటేజ్ ఇవ్వండి చాలు అన్నారు. దీనికి మాత్రం నేను ఒప్పుకోలేదు, రోజూ ఖాతాలతోనే బతికేవాణ్ణి. ఇల్లు మార్ట్‌గేజ్ పెట్టి బ్యాంక్ లోన్ 30 లక్షలు శాంక్షన్ చేయించుకున్నాం, మిగతాది నా ఎన్ఎస్‌సీలు, ఆర్‌డీ. నిజం డబ్బు నిజం కాగితాలు, దాని గురించి ఏ ఆఫీసర్ ఏమడిగినా తడుముకునే పని లేదు.

ఇక వీసా. విదేశీ విద్యార్థుల రికార్డు కోసం కట్టించుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టాం, వీసా ఫీజు అప్పుడు 160 డాలర్లు. డీఎస్ 160 అని ఆన్‌లైన్ ఫారం ఒకటుంటుంది, అది వీసాకి ప్రాణం లాంటిది, దాన్ని కన్సల్టెన్సీ కుర్రాడు వాళ్ళ ఆఫీసు కంప్యూటర్‌లో కూర్చుని నింపేశాడు. మా చేతికి ఇచ్చింది బార్‌కోడ్ ఉన్న కన్ఫర్మేషన్ పేజీ ఒక్కటే, లోపల ఏం నింపారో అందులో కనపడదు. మొత్తం ఫారం ప్రింట్ ఇమ్మంటే అది అవసరం లేదండీ అందరికీ ఇలాగే చేస్తాం అన్నాడు. నేను అక్కడే పట్టుబట్టాల్సింది. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో వేలిముద్రలు అయ్యాయి, రెండ్రోజుల తర్వాత నానక్‌రామ్‌గూడ కొత్త కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, 2023 మార్చిలోనే బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి అక్కడికి మారింది. మేం రోడ్డు అవతల చెట్టు కింద నిలబడ్డాం, మా ఆవిడ చేతిలో చిలుకూరు బాలాజీ కుంకుమ పొట్లం.

అమ్మాయి గంటన్నరకి బయటికొచ్చింది, మొహం చూడగానే తెలిసిపోయింది. ఈ యూనివర్సిటీయే ఎందుకు అని అడిగితే కన్సల్టెన్సీ వాళ్ళు బట్టీ పట్టించింది చెప్పిందంట. అమెరికాలో బంధువులు ఎవరైనా ఉన్నారా అంటే మా మేనమామ న్యూజెర్సీలో ఉన్నాడని ఉన్న మాట చెప్పిందంట, ఆఫీసర్ స్క్రీన్ చూసి ఫారంలో లేరని ఉందే అన్నాడు. బంధువులున్నారంటే అక్కడే ఉండిపోతావనుకుంటారని కన్సల్టెన్సీ కుర్రాడు నో కొట్టేశాడు, మాకు చెప్పను కూడా లేదు. 214(బి) అని కాగితం చేతిలో పెట్టారు, చదువయ్యాక తిరిగి వెళ్తావన్న నమ్మకం కలగలేదని దాని అర్థం. అంతకుమించి కారణం చెప్పరు, కాబట్టి ఆ ఒక్క నో వల్లే పోయిందని నేను ఒట్టేసి చెప్పలేను, కానీ 22 ఏళ్ళ పిల్ల ఒక ఆఫీసర్ ముందు అబద్ధాలకోరులా నిలబడాల్సి వచ్చింది, అది అబద్ధం చెప్పకుండానే. ఫోన్ చేస్తే కన్సల్టెన్సీ వాళ్ళు ఏమన్నారో తెలుసా, మీ అమ్మాయికి కమ్యూనికేషన్ స్కిల్స్ లేవండీ అన్నారు.

రెండోసారి ఎవర్నీ అడగలేదు. మళ్ళీ వీసా ఫీజు, ఈలోపు 185 డాలర్లు అయింది, సెవిస్ ఫీజు మాత్రం ఏడాదిలోపు అదే వీసాకైతే మళ్ళీ కట్టక్కర్లేదు. ఫారం ఇంట్లోనే అమ్మాయే టైప్ చేసింది, నేను పక్కన తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నా. ఇరవై నిమిషాలు కదిలించకపోతే ఆ సైటు మూసుకుపోతుంది, మధ్యలో కరెంట్ పోయింది, అప్లికేషన్ నంబర్ కాగితం మీద రాసిపెట్టుకున్నాం కాబట్టి బతికిపోయాం. గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా అకౌంట్లు అడుగుతారు, ఉన్నవన్నీ రాసింది. బంధువులు, ఎస్. అన్నీ అయ్యాక చివర్లో సంతకం దగ్గర ఒక ప్రశ్న వచ్చింది, ఈ ఫారం నింపడానికి నీకు ఎవరైనా సాయం చేశారా అని. అమ్మాయి నా వైపు తిరిగి నాన్నా, పోయినసారి మొత్తం వాళ్ళే నింపి ఇక్కడ కూడా నో అనే పెట్టుంటారు కదా అంది. ఎడిటర్ గారూ, నాకు ఆ పెద్దావిడ వేలిముద్ర గుర్తొచ్చింది.

ఇంటర్వ్యూ రెండు నిమిషాలంట. ఎందుకు ఈ కోర్సు అంటే బాబాయ్, సబ్‌స్టేషన్, ల్యాబ్‌లో రిలే, అక్కడ ఫలానా ప్రొఫెసర్ చేస్తున్న పని, అన్నీ దాని మాటల్లోనే చెప్పింది, బ్యాక్‌లాగ్స్ అడిగితే ఏ సబ్జెక్టులు ఎందుకు పోయాయో చెప్పింది. వీసా ఇచ్చారు. 2023 ఆగస్టులో శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కించాం, ఐ ట్వంటీ చేతి బ్యాగులోనే పెట్టుకోమని పదిసార్లు చెప్పా.

ఇదంతా ఒక్క మా ఇంటి కథయితే మీకు రాసేవాణ్ణి కాదు. 2023-24 లెక్కల్లో అమెరికాలో చదివే మన దేశం పిల్లలు 3,31,602 మంది, చైనా వాళ్ళని దాటేశారు, అందులో మన తెలుగు పిల్లలు ఎంతమందో మా వీధిలో తలుపులు కొడితే తెలుస్తుంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టిన ఫోటోలు మీరూ వేసుంటారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ, దాన్నయితే వల వేసి పట్టుకోవడానికి అక్కడి ఇమిగ్రేషన్ పోలీసులే కాగితం మీద సృష్టించారు, క్లాసుల్లేవు మాస్టార్లు లేరు, అరెస్టయిన వాళ్ళలో దాదాపు అందరూ మన దేశం పిల్లలే, తెలుగు పిల్లలే ఎక్కువ. అక్కడ చేర్పించిన ఎనిమిది మంది రిక్రూటర్ల మీద కూడా కేసులు పెట్టారు నిజమే, కానీ వందల మంది పిల్లల రికార్డు పాడైపోయింది, ఎందుకంటే ఫారం మీద ఉన్నది వాళ్ళ పేరు. క్లాసులు లేని చోట చేరడం వాళ్ళ తప్పు కూడా, నేను కాదనను. కానీ ఏం పర్లేదు అందరూ ఇలాగే చేస్తున్నారు అని ఒక పెద్దమనిషి చెప్తే నమ్మే వయసు అది.

ఇప్పుడు ఇంకా కష్టమైంది. 2025 మే చివర్లో కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేశారు, జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టి సోషల్ మీడియా అకౌంట్లు అందరికీ కనపడేలా పబ్లిక్‌లో పెట్టుకోమన్నారు, సెప్టెంబర్‌లో కొత్త హెచ్ వన్ బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్లన్నారు. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది, సైన్స్ ఇంజనీరింగ్ వాళ్ళకి ఇంకో రెండేళ్ళు, ఆ మూడేళ్ళ మీద లెక్కేసుకునే మన తల్లిదండ్రులు ఇళ్ళు పొలాలు తాకట్టు పెడుతున్నారు. ఇలాంటప్పుడు ఫారంలో ఒక్క తప్పు ముక్క పడినా మోసేది పిల్లలే, సాయం చేశారా అన్నచోట నో పెట్టేస్తే కన్సల్టెన్సీ పేరు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

కన్సల్టెన్సీ లేకుండా ఎవరూ వెళ్ళలేరని మా బంధువులు వాదిస్తారు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో బోస్టన్ వెళ్ళారు, మామగారు ఇచ్చిన డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ట్రస్ట్ సాయం తప్ప వెనక ఏమీ లేదు, ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేసుకుంటూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. ఆ రోజులు వేరు అంటారు, సరే వేరే. కానీ ఇప్పుడు ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కోర్సు, ఫీజు, ప్రొఫెసర్ ఈమెయిల్ అన్నీ ఉంటాయి, సందేహం వస్తే అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ పెడితే జవాబు ఇస్తారు, మా అమ్మాయి పెట్టిన ప్రతి మెయిల్‌కీ ఇచ్చారు. మా అమ్మాయి చదువుకుంటూ క్యాంపస్‌లో మెయిల్ రూంలో పనిచేసింది, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలే చేయాలి, బయట క్యాష్ జాబులు వీసా రూల్స్‌కి విరుద్ధం. గోడకి గళ్ళు గళ్ళుగా ఉన్న సార్టింగ్ రాక్ ఫోటో పంపించి నాన్నా నీ ఆఫీసే అని రాసింది. 2025 మేలో ఎంఎస్ అయిపోయింది, ఇప్పుడు ఓపీటీ మీద పనిచేస్తోంది, లోన్ కిస్తీలు దాని జీతంలోంచే కడుతోంది.

మిమ్మల్ని నేను అడిగేది ఒకటే. ఆ యాడ్స్ ఆపేయమని అనను, పేపర్ నడవాలి, మంచిగా చేసే కన్సల్టెన్సీలు కూడా ఉంటాయి. ఆ యాడ్స్ వేసే పేజీలోనే ఒక అర కాలమ్ ఇవ్వండి, డీఎస్ 160 మొత్తం ప్రింట్ తీసుకుని చదువుకోండి, ఎవరు నింపారో ఉన్నది ఉన్నట్టు రాయండి, అద్దె డబ్బు చూపించొద్దు, లిస్టులో ఉన్న యూనివర్సిటీలో మీ సబ్జెక్టు ఉందో లేదో మీరే చూసుకోండి అని మామూలు తెలుగులో రాయించండి. డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది పిల్లలకి ఎస్ఓపీ రాయడం ఒక్క నెల నేర్పించమని కూడా మీ పేపర్ గట్టిగా అడగాలి, నేనడిగితే ఎవరు వింటారు.

ప్రస్తుతానికి మా వాకిట్లో ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండింటి దాకా పిల్లలతో కూర్చుంటున్నా, ముగ్గురు వస్తున్నారు, డబ్బులేం తీసుకోను. వాళ్ళ రాత నేను రాయను, రాసింది పైకి చదవమంటా అంతే. వాళ్ళలో ఒకబ్బాయి నాన్న ఆటో నడుపుతాడు, చదువుకోలేదు, లోన్ ఆయన పేరు మీదే తీస్తున్నారు. వచ్చే ఆదివారం ఆయన్ని కూడా తీసుకురమ్మన్నా, ఫారం ఆయనకి కూడా మొత్తం చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక పోస్టల్ అసిస్టెంట్, తెనాలి