రాలిన ఆకులకు నిప్పు పెట్టనివ్వకండి: అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పే టీచర్ని. ఏటా శిశిరం రాగానే ఈ నగరంలో మొదలయ్యే ఒక పనిని ఆపించమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మాఘం నుంచి ఉగాది దాకా వేప, రావి, కానుగ ఆకు రాలుస్తాయి. తెల్లారేసరికి ఊడ్చి కుప్ప పోస్తారు, ఆ కుప్పకు అగ్గిపుల్ల గీస్తారు. కాలనీ పార్కుల్లో, అపార్ట్‌మెంట్ల వెనక, ఆఫీసుల ఆవరణల్లో, ఆఖరికి బడుల్లో కూడా ఇదే తంతు.

పొగ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలిని బాగు చేసుకోవాల్సిన నగరాల జాబితాలో హైదరాబాద్ ఉండనే ఉంది. నా బాధ ఆ పొగతో పాటు పోతున్న తిండి గురించి.

గడ్డిని మిడత, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద తింటాయని మా పిల్లలు గడగడా చెప్పేస్తారు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కేది సుమారు పదో వంతు శక్తేనని, మిగతాది చాలావరకు ఆ జీవి బతుకు ఖర్చుకే సరిపోయి వేడిగా పోతుందని కూడా చెబుతారు. అమెరికాలో రేమండ్ లిండెమన్ అనే కుర్రవాడు ఒక చిన్న సరస్సులో ఈ లెక్క తీశాడు. 1942లో ఆ వ్యాసం అచ్చయ్యేనాటికే ఆయన చనిపోయాడు, 27 ఏళ్లు కూడా నిండలేదు. ఆయన లెక్కలో అడుగున చేరిన బురదకు, దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియాకు పెద్ద చోటే ఉంది. మన పాఠాల్లో మాత్రం ఇలా కుళ్లబెట్టే జీవులకు, అంటే విచ్ఛిన్నకారులకు, దక్కేది ఒక పేరా.

నిజానికి అడవిలో పచ్చగా ఉండగా జంతువుల, పురుగుల నోట పడే ఆకు సాధారణంగా పదో వంతు కూడా ఉండదు. మిగిలినదంతా రాలి, నేల మీద నడిచే రెండో ఆహార గొలుసులోకి వెళ్తుంది. బాగా ఎండిన ఆకు కిలోలో దాదాపు 4,000 కిలోకేలరీల శక్తి ఉంటుంది. అంటే ఒక మనిషికి ఇంచుమించు రెండు రోజుల గ్రాసం. మనం దాన్ని అరిగించుకోలేం. బూజుకు, బాక్టీరియాకు ఆ విద్య వచ్చు.

పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లి, ఊడ్వని మూల చూసి కానుగ చెట్టు కింద కూర్చోబెడతాను. పైన గలగలలాడే ఎండాకులు. ఒక పొర తీస్తే తడి తగులుతుంది, ఆకు మీద తెల్లటి బూజు దారాలు అల్లుకుని ఉంటాయి. ఇంకా కిందికి వెళ్తే ఆకులో ఈనెలే మిగులుతాయి, మెత్తని భాగమంతా ఎవరో తినేసి ఉంటారు. చుట్ట చుట్టుకున్న రోకలిబండ, పరుగులు తీసే జెర్రి, ఇసుక రేణువంత పురుగులు. అట్టడుగున నల్లటి మట్టి, తొలకరి వాసనతో. ఆ వాసన కూడా మట్టిలోని ఒక రకం బాక్టీరియా చలవే. ఈ పురుగుల్ని ఏరుకోవడానికే గోరింకలు, కప్పలు, తొండలు వస్తాయి. గింజలు తినే పిచ్చుక కూడా గూట్లో పిల్లలకు ఎక్కువగా పెట్టేది పురుగుల్నే. పిచ్చుకలు తగ్గాయని గూళ్లు పంచుతున్నాం, మంచిదే. మరి గూట్లో పిల్లకు తిండి ఎక్కడిది?

కుప్పకు నిప్పు పెడితే, ఈ జీవులన్నీ నెలల తరబడి తినాల్సిన శక్తి కాసేపట్లో వేడైపోతుంది. పోషకాలైతే మళ్లీ నేలకు చేరే దారి ఉంది, వేడిగా పోయిన శక్తికి ఆ దారి లేదు. తగలబెడితే పోషకాలూ దక్కవు. ఆకులోని నత్రజని చాలా భాగం గాలిలో కలుస్తుంది, మిగిలిన బూడిదను వాన కొట్టుకుపోతుంది. చెట్టు కింద మిగిలేది ఎండకు మాడే ఉత్త ఎర్రమట్టి.

హరితహారం మొదలైన 2015 నుంచి కోట్ల మొక్కలు నాటుకున్నాం. బిడ్డను పెంపకానికి తెచ్చుకుని ముందున్న కంచం లాగేసినట్టు, వాటి కింది ఆకును మనమే కాలుస్తున్నాం.

చట్టం లేక కాదు. ఊడ్చిన ఆకును కాల్చవద్దని పారిశుద్ధ్య కార్మికులకు చెప్పాలని, పార్కుల చెత్తను వీలైనంత వరకు పార్కుల్లోనే ఎరువు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించి, మామూలుగా కాలిస్తే 5,000, భారీగా కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అంది. ఆ జరిమానా చీపురు పట్టినవాళ్ల మీద వేయకండి. సూపర్‌వైజరు వచ్చేసరికి నేల అద్దంలా ఉండాలంటారు, ఆకు పోసే చోటు మాత్రం చూపించరు. వాళ్లేం చేస్తారు?

మీ శాఖ చేతిలో ఉన్న పనే అడుగుతున్నాను. ప్రతి ప్రభుత్వ ఆవరణలో, ప్రతి పార్కులో చెట్టు మొదలు చుట్టూ, కాండానికి జానెడు ఎడంగా, రాలిన ఆకును అలాగే ఉంచమనండి. మిగిలిన దానికి ఓ మూల గుంత తీయించి, పేడనీళ్లు చల్లుతూ తడి ఆరకుండా చూస్తే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. రోడ్ల మీది ఆకులో ప్లాస్టిక్ కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని వేరుగా తీసుకెళ్లాల్సిందే. పాములొస్తాయని భయపడేవాళ్లున్నారు, ఆ భయాన్ని కొట్టిపారేయను. నడిచే దారి, పిల్లలు ఆడుకునే చోటు శుభ్రంగా ఉంచితే చాలు. దోమలు పెరిగేది నిలవ నీటిలో. ఆకుల్లో చిక్కుకున్న ప్లాస్టిక్ గ్లాసుల్ని ఏరేస్తే ఆ బెంగా ఉండదు.

ఈ సర్క్యులర్ మాఘం లోపే రావాలి. ఉగాది దాటాక వస్తే ఈ ఏడాది ఆకు అప్పటికే కాలిపోయి ఉంటుంది. మా బడి ఆవరణలో గుంత తవ్వడానికి పిల్లలు సిద్ధంగా ఉన్నారు, మీ శాఖ నుంచి ఎవరైనా వచ్చి చూస్తామంటే చూపిస్తాం.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్