‘శివ’ గురించి రాశారు సరే, సీమ సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

‘శివ’ మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పటి నుంచి దాని దర్శకుడు రాంగోపాల్ వర్మ మీద పత్రికల్లో వస్తున్నవన్నీ చదువుతున్నాను, మీరు వేసినవి కూడా. బాగానే ఉన్నాయి గానీ అన్నీ హీరో సైకిల్ చైన్ లాగి కొట్టే సీను దగ్గరికొచ్చి ఆగిపోతున్నాయి. 1989 అక్టోబరు 5న వచ్చిన సినిమా 36 ఏళ్ళ తర్వాత 4కెలో, అంటే బొమ్మ ఇంకా స్పష్టంగా కనపడేట్టు చేసి వేస్తే, అప్పటికి పుట్టని పిల్లలు కూడా వెళ్ళి చూశారంటే దానికి చైన్ ఒక్కటే కారణం కాదు కదండీ.

నేను అనంతపురంలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు నడిపినవాణ్ణి. టేపు ఎక్కడ అరిగిందో చూస్తే జనం దేన్ని వెనక్కి తిప్పి తిప్పి చూశారో తెలిసిపోయేది, అక్కడికి రాగానే టీవీలో తెల్లగీతలు పడేవి. ‘శివ’ క్యాసెట్లో నాగార్జున చైన్ లాగే చోట బొమ్మ కనపడనన్ని గీతలు. అదే సినిమాలో శివ తన అన్న కూతుర్ని సైకిల్ మీద ఎక్కించుకుని సందుల్లో తప్పించుకుపోయే సీను మాత్రం శుభ్రంగా ఉండేది. నాకు ఆ సీనంటేనే ప్రాణం. కెమెరా కూడా వాళ్ళతో పాటే పరిగెత్తుతుంది, పాప భయం మనకు తగులుతుంది, హీరో అప్పుడు కొట్టడానికి చూడడు, పాపను ఎట్లా కాపాడుకోవాలా అని చూస్తాడు. కెమెరామన్ పరిగెత్తినా బొమ్మ కుదపకుండా పట్టే స్టెడీక్యామ్‌తో తెలుగులో ఏం చేయొచ్చో అప్పుడే తెలిసింది. ఇక శబ్దం సంగతి. అంతకుముందు ఫైట్ అంటే డిష్యుం డిష్యుమే. వర్మ ఆ దెబ్బ పడే ముందు నిశ్శబ్దం పెట్టాడు. ఇళయరాజా అంతటివాడు సంగీతం ఇస్తుంటే ఎక్కడ సంగీతం వద్దో కూడా తెలుసుకుని తీసిన సినిమా అది.

ఇవన్నీ వర్మ ఏ స్కూల్లోనూ నేర్చుకోలేదు. విజయవాడ సిద్ధార్థ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివాడు, హైదరాబాద్ అమీర్‌పేటలో వీడియో షాపు పెట్టుకున్నాడు, చూసిన సినిమానే మళ్ళీ మళ్ళీ చూశాడు. అమెరికాలో పెద్ద దర్శకుడైన టరంటినో కూడా వీడియో షాపులో గుమస్తాగా ఉంటూనే సినిమా నేర్చుకున్నాడు, కానీ ఆయన మొదటి సినిమా ‘రిజర్వాయర్ డాగ్స్’ వచ్చింది 1992లో, అప్పటికి మనవాడు ‘శివ’, ‘క్షణక్షణం’, ‘రాత్రి’ తీసేశాడు. ఈ మాట మనవాళ్ళు గర్వంగా చెప్పుకోరెందుకో నాకు అర్థం కాదు. షాపులో కూర్చున్న ప్రతివాడూ డైరెక్టరు కాడు. నా దగ్గరా వందల క్యాసెట్లు ఉండేవి, నేను సినిమాలు చూశాను, వర్మ అవి ఎట్లా తీశారో చూశాడు. తేడా అక్కడే ఉంది.

ఆయన ప్రభావం ఎంతదో చెప్పాలంటే ఆయన సినిమాలొక్కటే లెక్కేస్తే చాలదు. శివనాగేశ్వరరావు ‘మనీ’, కృష్ణవంశీ ‘గులాబి’ ఆయన నిర్మాణంలోనే వచ్చాయి. తేజ, పూరి జగన్నాథ్ ఆయన దగ్గర పనిచేసినవాళ్ళే. ముంబై వెళ్ళి 1998లో ‘సత్య’ తీస్తే నటుడు మనోజ్ బాజ్‌పాయ్ దేశానికంతా తెలిశాడు, దాని రచయితల్లో ఒకడైన అనురాగ్ కశ్యప్ తర్వాత తానే పెద్ద దర్శకుడయ్యాడు. ఒక తెలుగువాడు వెళ్ళి హిందీ సినిమాకు గ్యాంగ్‌స్టర్ ఇల్లు ఎట్లా ఉంటుందో, వాడి పెళ్ళాం వాడితో ఎట్లా పోట్లాడుతుందో చూపించి వచ్చాడు. ఇది చిన్న విషయం కాదు.

అయితే నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. ‘శివ’ కథ బ్రూస్‌లీ సినిమా నుంచి పట్టుకొచ్చానని వర్మే చెప్పుకున్నాడు. కానీ దాని కింద విజయవాడ కాలేజీ రౌడీయిజం ఉంది, చదువుకునే రోజుల్లో ఆయన దగ్గరగా చూసినది. ‘సత్య’ కింద ముంబై గల్లీ ఉంది, వాన ఉంది. చూసిన సినిమా, చూసిన జీవితం రెండూ కలిసినప్పుడు ఆయన్ను కొట్టేవాడు లేడు. రెండోది లేనప్పుడు ఏమవుతుందో 2007లో ‘షోలే’ను మళ్ళీ తీసినప్పుడు తెలిసింది, అంత ప్రేమించిన సినిమానే ఆయన చేతుల్లో ప్రాణం లేకుండా పోయింది.

అట్లాంటి మనిషి 2010లో మా జిల్లా ఫ్యాక్షన్ కథ మీద ‘రక్తచరిత్ర’ తీశాడు, రెండు భాగాలు. ఎంతో ఆశతో వెళ్ళాను. తెర నిండా నెత్తురు, కత్తులు, కింద నుంచి పెట్టిన కెమెరా, చెవులు పగిలే శబ్దం. నా టేపులో గీతలు పడిన చోట్లన్నీ కలిపి రెండు సినిమాలు చేసినట్టనిపించింది. ఫ్యాక్షన్ లేదని నేను అనను. మా ఊళ్ళలో అది ఉండింది, దానివల్ల పోయినవాళ్ళు మాకు తెలుసు. కానీ ఫ్యాక్షన్ అంటే నరకడం ఒక్కటే కాదు. నా షాపుకు వచ్చే దారిలో కోర్టు వాయిదా రోజున చెట్టుకింద ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు, టిఫిన్ క్యారియర్ మూత తీయకుండా, లోపలి నుంచి ఎవరు ఎప్పుడొస్తారో తెలియక. వాయిదాల ఖర్చుకు ఎకరా ఎకరా అమ్ముకున్న ఇళ్ళున్నాయి. కొడుకును బెంగళూరు పంపించేసి ఊళ్ళో తల్లి ఒక్కతే మిగిలిన ఇళ్ళున్నాయి. ఇవి ఏ క్యాసెట్లోనూ ఉండవు కాబట్టి ఎవరూ తీయలేదు.

ఫ్యాక్షన్ సినిమాను పుట్టించింది వర్మ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’ ఆడాక వరస కట్టింది అది. సుమోలు గాల్లోకి లేవడం, తొడ కొట్టడం, కర్నూలు అనగానే కొండారెడ్డి బురుజు చూపించడం. ఒకరి సినిమా చూసి ఇంకొకరు తీయడమే తప్ప ఇక్కడికొచ్చి ఒక నెల ఉన్నవాళ్ళు తక్కువ. ఇక్కడ మనుషులు ఒకరినొకరు ‘అప్పా’ అని పిలుచుకుంటారు, పోట్లాడుకునేటప్పుడు కూడా. ఎన్ని సినిమాల్లో విన్నారు మీరు? చిత్రమేమిటంటే దీన్ని అందరికంటే ముందు దగ్గరగా చూసింది వర్మ శిష్యుడే. 1998లో కృష్ణవంశీ ‘అంతఃపురం’ తీశాడు, పగతో నిండిన ఆ ఇంటిని బయటి నుంచి వచ్చిన కోడలి కళ్ళతో చూపించాడు. సౌందర్య బిడ్డను తీసుకుని పారిపోవాలని చూస్తుంటే ఆ భయం మా ఊరి ఆడవాళ్ళకు కొత్తగా అనిపించలేదు. గురువు నేర్పిన కెమెరాతోనే శిష్యుడు ఇంటి లోపలికి వెళ్ళాడు, నా లెక్కలో ‘రక్తచరిత్ర’ కంటే అదే పెద్ద సినిమా. కోపం వచ్చే అభిమానులు ఆ రెండూ వెంటవెంటనే చూసి చెప్పండి.

ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ చదివే పిల్లలు ఫోన్లతోనే షార్ట్ ఫిల్మ్స్ తీస్తున్నారు. చాలామందికి వర్మ అంటే పిచ్చి, అది మంచిదే. కానీ నాకు చూపించిన వాటిలో సగానికి పైగా వేటకొడవలి ఉంది. చుట్టూ వేరుశనగ ఎండిపోయిన చేను, నీళ్ళు పడక మూసేసిన బోరు, ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీర నేస్తున్న వాళ్ళమ్మ, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టుకు వెళ్ళే వాళ్ళన్న, ఇవన్నీ ఉన్నాయి. వాటిని ఏ లెన్సుతో తీయాలో ఎవరూ చెప్పడం లేదు.

మీరు చేయగలిగింది ఒకటుంది. సినిమా పేజీలో వారం వారం చైన్ ఫొటో వేసే బదులు ఆ సైకిల్ చేజ్‌ను ఎట్లా తీశారో, శబ్దం ఎట్లా కలిపారో పనిచేసినవాళ్ళను అడిగి రాయించండి, పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. అట్లాగే పులివెందుల ప్రాంతం నుంచి వెళ్ళిన బి.ఎన్.రెడ్డి, తాడిపత్రి నుంచి వెళ్ళిన కె.వి.రెడ్డి, ఈ పాతతరం దర్శకులిద్దరూ ఎట్లా పనిచేశారో కూడా వేయండి, కత్తి పట్టకుండానే తెలుగు సినిమాను ఏలిన సీమవాళ్ళు వాళ్ళు. జిల్లా ఎడిషన్‌లో నెలకొకసారి సగం పేజీ ఈ షార్ట్ ఫిల్మ్స్ కోసం ఇవ్వండి. బాగున్నవి బాగున్నాయని, బాగాలేనివి ఎందుకు బాగాలేవో రాయండి. రాసేవాళ్ళు దొరక్కపోతే నాకు కబురు పెట్టండి, నేను కూర్చుని చూసి రాస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం