చెరువు ఆయకట్టు రైతుల సంఘం: 2023–24 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. 2023 జూన్ నుంచి 2024 మే వరకు మన సంఘం చేపట్టిన పనులను, తీసుకున్న నిర్ణయాలను ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాము.

ఉదయగిరి మెట్టలోని మన చెరువుకు సోమశిల జలాశయం నీరు రాదు. వాన పడి, వాగు పారితేనే నిండుతుంది. నెల్లూరు జిల్లాకు ఏటా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన రుతుపవనాలను బలహీనపరిచే ఎల్‌నినో ఏడాది కావడంతో 2023 ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 తరువాత అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా నమోదైంది. అక్టోబరు చివర, నవంబరులో వచ్చే స్వాతి, విశాఖ కార్తెల వానలు కూడా మనల్ని నిరాశపరిచాయి. ఆ తరువాత తీరం వెంబడి నెమ్మదిగా కదిలి, డిసెంబరు 5న బాపట్ల సమీపాన తీరం దాటిన మిచౌంగ్ తుపానుతో చెరువులోకి నీరు చేరింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు కనుక, వానలు లేని రోజులు పెరగడం, పడినప్పుడు కుండపోతగా పడడం ఇకముందు మరింత తరచుగా చూడవలసి వస్తుంది. రెండు మూడు రోజుల్లో వచ్చే నీటిని ఒడిసిపట్టగలిగేలా చెరువును సిద్ధంగా ఉంచడమే మన సంఘం మొదటి పని అని కార్యవర్గం భావిస్తోంది.

అందుకే ఈ ఏడాది శ్రమలో అధిక భాగం వాగు నుంచి చెరువుకు నీరు తెచ్చే సప్లయి కాలువ మీదనే పెట్టాము. కాలువలో పెరిగిన చిల్లచెట్లను (సర్కారు తుమ్మ) పైపైన నరికితే మళ్లీ చిగురిస్తాయి కాబట్టి పొక్లెయినుతో వేళ్లతో సహా పెకలించి, ఆ కర్రను వేలం వేయగా వచ్చిన సొమ్ముతో తూము తలుపు బాగు చేయించాము. కాలువ గట్టును తమ పొలంలో కలుపుకున్న రైతుల్లో కొందరు కొలతలు వేయగానే తామే వెనక్కి జరిగారు. వారి పెద్దమనసుకు సంఘం మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుతోంది.

చెరువు నిండాక అదనపు నీరు బయటికి పొర్లే కలుజు మీద ఇసుక బస్తాలు వేసి మరింత నీరు నిలుపుదామని కొందరు సభ్యులు కోరారు. వారి ఆవేదన న్యాయమైనదే అయినా కార్యవర్గం అంగీకరించలేదు. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, దిగువ ఊళ్లలో ప్రాణనష్టం జరగడం మనకు తెలిసినదే. కలుజు ఎత్తు పెంచితే వరద కట్ట మీదుగా పొర్లే ప్రమాదం ఉంది. ఎక్కువ నీరు కావాలంటే పూడిక తీయడమే సరైన మార్గం. మే నెలలో తీసిన ఒండ్రును సభ్యులు తమ ట్రాక్టర్లతో ఇసుక పాలు ఎక్కువగా ఉండే గరప నేలలకు తోలుకున్నారు. కట్ట పాదానికి దగ్గరగా తవ్వకూడదనీ, ఆ మట్టిని ఇటుక బట్టీలకు అమ్మకూడదనీ పెట్టిన నియమాలను అందరూ పాటించారు.

తుపాను తరువాత కూడా చెరువు పూర్తిగా నిండలేదు కనుక, తూము దగ్గరి వారికే వరి, చివరి వారికి బీడు అన్న పరిస్థితి రాకుండా ప్రతి రైతూ తన భూమిలో కొంత మేరకే వరి వేసి, మిగిలిన దానిలో మినుము, పెసర వేయాలని దామాషా పద్ధతిన తీర్మానించాము. త్వరగా కోతకు వచ్చే నెల్లూరు మసూరిని ఎక్కువమంది ఎంచుకున్నారు. పొలంలో పాతిన చిల్లుల గొట్టంలో నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగిన తరువాతనే మళ్లీ నీరు పెట్టే ఆరుతడి పద్ధతిని కొందరు పాటించారు. ఈ పద్ధతిలో నీరు 30 శాతం వరకు ఆదా అవుతుంది. నిలవ నీటి మడుల నుంచి వెలువడే మీథేన్ కూడా తగ్గుతుంది. చివరి పొలాలకు సైతం తడి అందడం ఈ ఏడాది మనందరికీ సంతోషం కలిగించిన విషయం.

వేసవిలో రెండో పంటగా వేసే ఎడగారు వరికి చెరువు నీరు ఇవ్వలేదు. దీనివల్ల కొన్ని కుటుంబాలకు ఆదాయం తగ్గిన మాట వాస్తవం. అయితే అడుగున మిగిల్చిన నీరే వేసవిలో పశువుల దాహం తీర్చింది, భూమిలోకి ఇంకి ఊరి తాగునీటి బోర్లకు ఊట ఇచ్చింది. ఒకరిని చూసి ఒకరు మరింత లోతుకు బోర్లు వేయిస్తే అందరి నీరూ అడుగంటుతుంది కనుక, 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం అనుమతి పొందకుండా ఎవరూ కొత్త బోరు వేయవద్దని కోరుతున్నాము.

రాబోయే ఏడాది కాలువ పనిని ఆగస్టులోపు ముగించాలని, మిగిలిన ఆక్రమణలను రెవెన్యూ సర్వేయరు సమక్షంలో కొలిపించాలని ప్రతిపాదిస్తున్నాము. ట్రాక్టరు ఇవ్వగలిగినవారు, కూలి రూపంలో పాలుపంచుకోగలిగినవారు సర్వసభ్య సమావేశంలోనే తమ పేర్లు నమోదు చేయించవలసిందిగా మనవి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి