ఇళ్ళు ఎందుకు లేటయ్యాయంటే

అమలాపురం దగ్గర మనం కడుతున్న పెద్దవాళ్ళ ఇళ్ళకి అడ్వాన్సు ఇచ్చిన అందరికీ నమస్కారమండి. శ్రావణంలో గృహప్రవేశాలు అన్నాను, అవ్వవు, మాఘం దాకా ఆగాలి. ఇసుక దొరకలేదు, మేస్త్రీలు రాలేదు అని కథలు చెప్పొచ్చు గానీ అసలు సంగతి వేరు.

మేలో మొదటి ఇల్లు అయ్యాక మా అమ్మని రెండ్రోజులు అందులో ఉండమన్నాను. రాత్రి పదకొండింటికే చాప చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చేసింది, "నెత్తిన కుంపటి పెట్టి పడుకోమంటావేంట్రా" అని. పడమటి గోడ మీద చెయ్యేసి చూశా, అప్పటికీ వెచ్చగానే ఉంది. పగలు తాగిన ఎండంతా కాంక్రీటు రాత్రి కక్కుతుంది కదా, పైగా మన కోనసీమ ఉక్కకి చెమట ఆరదు, ముసలాళ్ళకి అసలు చెమటే తక్కువ, దాహం వేసేది కూడా తెలీదు. ఏసీ ఉందిగా అంటారు, మరి కరెంటు పోతే?

పెంకుటిల్లు కట్టేయొచ్చుగా అన్నారొకరు. 1996 నవంబర్ తుఫాను చూసినవాణ్ణండి, స్లాబ్ తీసేది లేదు. దాని మీద తెల్ల కూల్ టైల్స్ వేసి, పడమటి పక్క పెంకుల వసారా దింపుతున్నాం, గోడకి ఎండ తగలకుండా.

ర్యాంప్ ఇంకో తలనొప్పి. వానాకాలం నీళ్ళకి భయపడి అరుగు 3 అడుగులు లేపాను, వీల్‌చైర్‌కి అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు ఉండాలి, అంటే 36 అడుగులు, ఐదు సెంట్లలో ఎక్కడ పెట్టేది? చివరికి ఇంటి చుట్టూ ఎల్ ఆకారంలో తిప్పి మధ్యలో ఆగడానికి చప్టా వేశాం. కొబ్బరిచెట్టు ఒకటి పోయింది.

బాత్రూమ్‌లో నున్నటి టైల్స్ వేయించడం మాత్రం అచ్చంగా నా తెలివితక్కువతనం. అమ్మ జారింది, గోడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. అన్నీ పీకించి గరుకువి వేయిస్తున్నా, ఆ ఖర్చు నాదే. పట్టుకునే రాడ్లు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా 316 గ్రేడ్ స్టీలు తెప్పించాను. ర్యాంప్ ఖర్చులో సగం మీరు పెట్టుకోవాలి, పూర్తిగా నా వల్ల కాదండి. కుదరదనుకుంటే అడ్వాన్సు వెనక్కిచ్చేస్తాను, మొహమాటపడొద్దు.

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళు ఒక్కసారి అమ్మగార్నో నాన్నగార్నో సైట్‌కి పంపండి, కమోడ్ ఎత్తు వాళ్ళు కూర్చుని చూసి చెప్పాకే బిగిస్తాను. మధ్యాహ్నం మూడు దాటాక పంపండి, పడమటి గది సంగతి అప్పుడే తెలుస్తుంది.