గీత పోయింది, ఫినిష్ కూడా పోయింది: ఇకపై మా దగ్గర పాలిష్ అడిగితేనే

మా దగ్గర తుపాకులు క్లీనింగ్‌కి ఇచ్చే కస్టమర్లందరికీ ఒక విషయం చెప్పాలి.

పోయిన నెల ఒకాయన స్టెయిన్‌లెస్ పిస్టల్ ఇచ్చి, క్లీన్ చేసి నూనె రాయమన్నారు. అంతే అడిగారు. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే లోహపు భాగం) పక్కన హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే ఒర) రాపిడికి పడ్డ సన్నటి గీత కనిపించేసరికి నాకు చెయ్యి ఊరుకోలేదు. గుడ్డకి కాస్త మెటల్ పాలిష్ అద్ది రుద్దాను. గీత పోయింది. ఆ చోట బొటనవేలంత మచ్చ అద్దంలా మెరుస్తూ మిగిలింది. అది మెరుపు లేని మాట్ ఫినిష్ స్లైడ్ మరి. సన్నటి గాజుపూసల్ని గాలి ఒత్తిడితో కొట్టించి తెచ్చిన బూడిదరంగు అది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. స్లైడ్ మొత్తం మళ్లీ బ్లాస్టింగ్ చేయించి ఇచ్చాను, ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

కాబట్టి ఇకపై క్లీనింగ్ వేరు, పాలిష్ వేరు. జాబ్ కార్డు మీద మీరు రాసిస్తే తప్ప పాలిష్ డబ్బా మూత తీయను.

స్టెయిన్‌లెస్ మీద పెయింట్ లాంటి పూత ఏమీ ఉండదు. మనం ఫినిష్ అనేది ఆ లోహం పైనున్న గరుకుదనమే. పాలిష్ పేస్ట్ ఆ గరుకును అరగదీస్తుంది. అద్దంలా మెరిసే తుపాకీకి అది మంచిదే, మాట్‌కి మాత్రం కాదు. గీతలన్నీ ఒకే దిక్కున ఉండే బ్రష్డ్ ఫినిష్ అయితే కొంత నయం. సన్నరకం నైలాన్ స్క్రబ్ ప్యాడ్‌తో అదే దిక్కున తేలిగ్గా లాగితే చిన్న గీతలు కలిసిపోతాయి. ఒక్కసారి అడ్డంగా లాగారా, ఆ గీత గది అవతలి నుంచి కూడా కనబడుతుంది. ఇక మెషీన్ మీద తిరుగుతూ మెరుపు పెట్టే బఫింగ్ చక్రం జోలికి ఇంట్లో అసలు వెళ్లొద్దు. చెక్కిన అక్షరాల అంచులు అరిగిపోతే మళ్లీ రావు.

“స్టెయిన్‌లెస్ కదా, తుప్పెందుకు పట్టింది?” అని చాలామంది అడుగుతారు. వంటగిన్నెల్లో వాడే 304 రకం స్టెయిన్‌లెస్‌లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. బ్యారెళ్లకు ఎక్కువగా వాడే 416లో క్రోమియం 12 నుంచి 14 శాతమే. పైగా మెషీన్ మీద సులువుగా కోయడానికి గంధకం కలుపుతారు, దాంతో తుప్పును ఆపే శక్తి ఇంకాస్త తగ్గుతుంది. చెమటలోని ఉప్పు చాలు దానికి. మామూలు స్టీల్ ఊల్‌తో రుద్దితే ఇనుప రజను లోహంలో ఇరుక్కుని, అదే తుప్పు పట్టి మచ్చలవుతుంది. బ్లీచ్ దగ్గరికే రానివ్వకండి. (తమాషా ఏంటంటే, 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ స్టెయిన్‌లెస్ ఉక్కు చేసింది తుపాకీ బ్యారెళ్లు తొందరగా అరగకుండా చూసే పనిలోనే.)

రివాల్వర్ సిలిండర్ ముందు భాగంలో పడే నల్లటి వలయాలను ఎలాగైనా పోగొట్టమని కొందరు పట్టుబడతారు. వాటివల్ల నష్టం లేదు, నాలుగు గుళ్లు పేలిస్తే మళ్లీ వస్తాయి. వాటికోసం ప్రతిసారీ లోహాన్ని అరగదీయడం నాకు ఇష్టం లేదు.

వెండిలా మెరిసేదల్లా స్టెయిన్‌లెస్ కాదు. కాస్త పసుపు ఛాయ ఉంటే నికెల్ పూత కావచ్చు. అమ్మోనియా ఉన్న సాల్వెంట్ (మురికిని కరిగించే ద్రవం) దానిమీద నిలవుంటే పూత కిందికి దిగి పొరలు లేపుతుంది. ఫ్రేముకి అయస్కాంతం అతుక్కోకపోతే అది అల్యూమినియం కావచ్చు, పాలిష్ పెడితే పైపూత పోతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లు ముందు మ్యాగజైన్ (గుళ్లుండే డబ్బా) తీసి, ఛాంబర్ (బ్యారెల్ వెనక గుండు కూర్చునే చోటు) తెరిచి, కంటితో చూసి వేలితో తడిమి, గుళ్లు వేరే గదిలో పెట్టండి. తర్వాత సాల్వెంట్, నైలాన్ బ్రష్, మెత్తటి గుడ్డ, చివర్లో పలచగా నూనె. స్లైడ్ జారే పట్టాలకు మాత్రం గ్రీజు మర్చిపోకండి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ పొడిగా రాసుకుంటే ఒకదాన్నొకటి గీరేసుకుంటాయి.

నేను ఇంతకుముందు క్లీన్ చేసిచ్చిన వాటిమీద ఎక్కడైనా అక్కర్లేని మెరుపు మచ్చ కనిపిస్తే, ఖాళీ చేసి పట్టుకురండి. అది నా చేతిపనే అయితే డబ్బు తీసుకోకుండా సరిచేసిస్తాను.