24 అంగుళాలని రాశారు, తెగేది పదిహేడున్నరే

మల్లాపూర్,
హైదరాబాద్.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 10 అంగుళాల టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే రంపం) కోసం మీరు అమ్మిన స్లైడింగ్ టేబుల్ అటాచ్‌మెంట్ రాసిన కొలత కోయకపోవడం, సరిచేసే భాగం పంపాలని లేదా డబ్బు వాపసు ఇవ్వాలని కోరడం.

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టి కొన్న స్లైడింగ్ టేబుల్ అటాచ్‌మెంట్, అంటే రంపం పక్కన బిగించి చెక్కని బ్లేడు మీదికి జరిపే బల్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన ప్రతిసారీ ఎవరో కొత్తవాళ్లు ఎత్తుతారు. కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. చివరికి ‘మీ టికెట్ క్లోజ్ అయింది’ అని మెసేజ్ వస్తుంది. రాణిగంజ్‌లో కొని ఉంటే షాపు ముందు నిలబడి అడిగేవాడిని, ఆన్‌లైన్‌లో కొన్నాక ఎవరిని పట్టుకోవాలి? అందుకే కొలతలతో సహా రాతపూర్వకంగా పెడుతున్నాను. బిల్లు, ఆర్డర్ వివరాలు, టేపు పెట్టి తీసిన ఫొటోలు దీనికి జతచేశాను.

మీ పేజీలోనూ, వచ్చిన పెట్టె మీదా అడ్డకోత సామర్థ్యం (ఒక్కసారిగా అడ్డంగా కోయగల వెడల్పు) 610 మి.మీ., అంటే 24 అంగుళాలు అని ఉంది. 18 మి.మీ. ప్లైవుడ్ పెట్టి కోస్తే నాకు తెగుతున్నది 445 మి.మీ. పదిహేడున్నర అంగుళాలన్నమాట.

‘ఆరున్నర అంగుళాలకి ఇంత గొడవ ఎందుకు సార్’ అని మీ ఎగ్జిక్యూటివ్ ఒకరు అన్నారు. చెప్తాను. మాది వార్డ్‌రోబ్‌లు, వంటింటి క్యాబినెట్లు చేసే చిన్న షెడ్డు. ప్లై షీటు 2440కి 1220 మి.మీ., అందరూ అనే ఎనిమిది బై నాలుగు. దాన్ని నిలువుగా కోస్తే 600 చొప్పున రెండు బద్దలు వస్తాయి, బ్లేడు తినే 3 మి.మీ. పోయినా ఇంకా కాస్త మిగులుతుంది. వార్డ్‌రోబ్ లోతు ఎలాగూ 600 కాబట్టి షీటు వృథా కాదు. నిలువు కోతలో మీ మిషన్‌కి వంక పెట్టడానికి లేదు, బాగా కోస్తుంది. తర్వాత ఆ 600 బద్దని అడ్డంగా కోసి సైడ్లు, అరలు తీయాలి. ఈ ఒక్క కోత కోసమే అటాచ్‌మెంట్ కొన్నాను. ఆ కోత తప్ప మిగతావన్నీ కోస్తానంటే దాన్ని నేనేం చేసుకోను?

ఇక ఆ 610 ఎక్కడి నుంచి వచ్చిందనేది. క్యారేజ్‌ని, అంటే రైలు మీద జరిగే బల్లని, పూర్తిగా మన వైపుకి లాగి పెట్టాలి. అప్పుడు ఫెన్స్ (చెక్కని ఆనించే పట్టీ) ముఖానికీ బ్లేడు ముందు పన్నుకీ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత వెడల్పు చెక్క పడుతుంది. అంతకంటే వెడల్పు చెక్క పెడితే, మోటారు ఆన్ చేయకముందే అది వెళ్లి బ్లేడుకి ఆనుకుంటుంది. ఆ ఖాళీ 445. బ్లేడుని టేబుల్ పైకి 25 మి.మీ. లేపి ఉంచితే, టేబుల్ మట్టంలో ముందు పన్ను నుంచి వెనక పన్ను దాకా 151 మి.మీ. ఉంటుంది. 254 మి.మీ. బ్లేడు కాబట్టి ఇది లెక్కలోనూ అంతే వస్తుంది, టేపుతో కొలిచినా అంతే. రెండూ కలిపితే 596. మిగతా 14 బ్లేడు వెనక ఇన్సర్ట్ ప్లేటులో (బ్లేడు చుట్టూ టేబుల్‌లో అమర్చే పలకలో) ఉన్న చీలిక. అంటే మీరు ఫెన్స్ దగ్గర టేపు పట్టుకుని, బ్లేడు మీదుగా లాగి, చీలిక వెనక కొస దాకా కొలిచి 610 రాశారు. బ్లేడు కిందికి దించేసి కొలిస్తే తప్ప ఆ అంకె రాదు. బ్లేడు దించి రంపం కోసేవాళ్లు ఎవరున్నారో నాకు తెలియదు.

మందం చెక్కతో పరిస్థితి ఇంకా దారుణం. బ్లేడు పైకి లేపినకొద్దీ ముందు పన్ను మన వైపుకి జరుగుతుంది. 75 మి.మీ. లేపితే 40 మి.మీ. ముందుకొస్తుంది, అడ్డకోత 405కి పడిపోతుంది. పేరున్న బ్రోషర్లలో ఈ కొలత ఎంత బ్లేడు ఎత్తు దగ్గర తీశారో రాస్తారు. మీ దాంట్లో ఆ ఊసే లేదు.

మీ సర్వీస్ సెంటర్ నుంచి రెండు సలహాలు వచ్చాయి. ఒకటి, సగం కోసి, ప్లై తిప్పి, అవతలి వైపు నుంచి మిగతా సగం కోయమని. కోశాను. రెండు కోతలు కలిసిన చోట అర మిల్లీమీటరు మెట్టు వస్తుంది. కంటికి కనపడదు, గోరు పెట్టి లాగితే టక్కుమని తగులుతుంది. దాని మీద ఎడ్జ్ బ్యాండ్ (ప్లై అంచుని కప్పే సన్నని పట్టీ) అతికిస్తే ఆ చోట జిగురు గీత నల్లగా తేలుతుంది, కస్టమర్ వేలు మొట్టమొదట అక్కడికే పోతుంది.

రెండో సలహా విని నాకు భయం వేసింది. స్లైడింగ్ ఫెన్స్ తీసేసి, నిలువు కోతకి వాడే రిప్ ఫెన్స్‌నే ఆసరాగా పెట్టుకుని అడ్డంగా కోయమన్నారు. తెగిన ముక్క బ్లేడుకీ రిప్ ఫెన్స్‌కీ మధ్య ఇరుక్కుని అడ్డం తిరిగితే వెనక పళ్లు దాన్ని ఎత్తి మనిషి మీదికి విసురుతాయి. వడ్రంగం నేర్చుకునే కుర్రాడికి మొదటి వారంలోనే చెప్పే జాగ్రత్త ఇది. మీ పేజీలో ఉన్న ఫొటో కూడా అలాగే ఉంది, పైగా అందులో బ్లేడు వెనక ఉండాల్సిన రైవింగ్ నైఫ్ (చెక్క బ్లేడుని నొక్కేయకుండా ఆపే రేకు) కూడా లేదు. నా సంగతి తర్వాత, ముందు ఆ ఫొటో తీసేయండి. చూసి ఎవరైనా నేర్చుకుంటే వేళ్లు పోతాయి.

ఇప్పుడు వారంటీ సంగతి. ఎడమ వింగ్ (టేబుల్ పక్కన ఉండే రెక్క) విప్పేసి, పోత ఇనుము టేబుల్ అంచుకి నాలుగు రంధ్రాలు 6.8 మి.మీ. డ్రిల్‌తో వేసి, ఎం8 ట్యాప్ తిప్పి వాటిలో మరలు కోసి బ్రాకెట్ బిగించాలని మీ ఫిట్టింగ్ పుస్తకంలోనే ఉంది. అందులోని బొమ్మ చూసుకుంటూ అలాగే బిగించాను. ఇప్పుడు వాపసు తీసుకోండి అంటే ‘టేబుల్‌కి రంధ్రాలు పెట్టారు, మిషన్ వారంటీ కూడా పోయింది’ అంటున్నారు. రంధ్రాలు పెట్టకుండా ఎలా బిగించాలో మీ ఇంజనీర్ వచ్చి చూపిస్తే నేర్చుకుంటాను.

అసలు బాధ ఏమిటంటే, ఇది పెద్ద లోపం కాదు. రైలు పొడవు సరిపోతుంది. క్యారేజ్ మొత్తం 700 మి.మీ. ప్రయాణిస్తోంది. 610 వెడల్పు పూర్తిగా తెగడానికి 644 చాలు (ప్లై కింది ముఖం ముందు తెగి, పై ముఖం ఇంకో 34 మి.మీ. జరిగాక తెగుతుంది కాబట్టి ఆ అదనం). తప్పల్లా ఫెన్స్ బిగించే గాడి పెట్టిన చోటులో ఉంది. దాన్ని మన వైపుకి 165 మి.మీ. జరిపితే రాసిన కొలత వచ్చేస్తుంది. బాలానగర్‌లో లేత్ పని చేసే తెలిసినాయన క్యారేజ్ చూసి, 12 మి.మీ. అల్యూమినియం ప్లేటు ముందుకి పొడిగించి, బరువుకి వంగకుండా కింద రోలర్ ఉన్న కాలు ఒకటి పెడితే అయిపోతుందన్నాడు. డిజైన్ చేసేటప్పుడు మీకు ఇది ఎందుకు తట్టలేదో ఆయనకి అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఆ పని చేయించుకుంటానంటే ‘బయటి మార్పులకి మా బాధ్యత లేదు, వారంటీ రద్దు’ అని మీ ఈమెయిల్. మీరు సరిచేయరు, నన్ను చేయించుకోనివ్వరు.

అదే ఈమెయిల్‌లో ఇంకో మాట ఉంది. జీఎస్టీ నంబరుతో కొన్నాను కాబట్టి ఇది వ్యాపార కొనుగోలట, వినియోగదారుల చట్టం నాకు వర్తించదట. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) కింద ఉన్న వివరణ ఒకసారి చదవండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే వస్తువు ‘వాణిజ్య ప్రయోజనం’ కిందికి రాదు. ఆ మిషన్ దగ్గర నిలబడి కోసేది నేనే, పట్టుకోవడానికి ఒక్క హెల్పర్ ఉంటాడు. తప్పుదారి పట్టించే ప్రకటన అంటే ఏమిటో కూడా అదే చట్టంలో ఉంది.

నేను అడుగుతున్నది ఇది. ఫెన్స్‌ని 165 మి.మీ. మన వైపుకి తెచ్చే ఎక్స్‌టెన్షన్ ప్లేటు, సపోర్టు కాలు మీ ఖర్చుతో పంపండి. లేదా బాలానగర్‌లో చేయించుకోవడానికి అయ్యే బిల్లు ఇచ్చి, ఆ మార్పు వల్ల మిషన్ వారంటీ పోదని లెటర్‌హెడ్ మీద రాసివ్వండి. రెండూ కుదరకపోతే అటాచ్‌మెంట్ తీసుకెళ్లి పూర్తి డబ్బు, రవాణా ఛార్జీలతో సహా వెనక్కి ఇవ్వండి. నాకైతే మొదటిదే ఇష్టం, షెడ్డులో పని ఆగిపోయి ఉంది. ఏది చేసినా, పెట్టె మీద, పేజీలో ఆ 610 తీసేసి, ఎంత బ్లేడు ఎత్తు దగ్గర ఎంత తెగుతుందో రాయండి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెప్తున్నాయి. ఆ గడువు దాకా ఎదురుచూస్తాను. తర్వాత 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉన్నా, నేను ఉంటున్న చోటే కేసు వేసుకునే వీలు చట్టంలో ఉంది.

భాగాలు పంపేటట్టయితే ముందుగా ఒక డ్రాయింగ్ ఈమెయిల్ చేయండి, గాడి కొలతలు సరిచూసి చెప్తాను. వాపసు తీసుకునేటట్టయితే ఇద్దరు మనుషుల్ని పంపండి, ఆ క్యారేజ్ ఒక్కడు ఎత్తే బరువు కాదు.

ఇట్లు,
(సంతకం)
మల్లాపూర్, హైదరాబాద్