పచ్చ లైటు వెలిగింది, బ్యాటరీ నిండలేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: బ్యాటరీ నిండకముందే సోలార్ ఛార్జ్ కంట్రోలర్ ‘ఫుల్’ చూపించడం, ఆ నెపంతో బ్యాటరీ వారంటీ తిరస్కరించడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

ఎనిమిది నెలల క్రితం మీ కంపెనీ సోలార్ కిట్ కొన్నాను. ప్యానెళ్లు, ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ను అదుపు చేసే డబ్బా), 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ, అన్నీ మీవే. బిగించింది కూడా మీ మనుషులే. మొదటి రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత రాత్రి పదకొండు దాకా వెలగాల్సిన లైట్లు తొమ్మిదికే ఆరిపోవడం మొదలైంది. పగలు చూస్తే మాత్రం కంట్రోలర్ మీద పచ్చ లైటు నిక్షేపంగా వెలుగుతూ ఉంటుంది. అది కూడా ఉదయం పదకొండు కాకముందే!

ఫిర్యాదు చేస్తే మీ టెక్నీషియన్ వచ్చారు. మర్యాదస్తుడే, ఆయన మీద నాకు కోపం లేదు. కంట్రోలర్ స్క్రీన్ మీద 13.2 వోల్టులు చూసి, “12.7 దాటితే ఫుల్ అండీ. ఛార్జింగ్ బాగానే ఉంది, మీరే లోడ్ ఎక్కువ వాడుతున్నారు” అని రాసిచ్చి వెళ్లిపోయారు. పది నిమిషాల్లో పని అయిపోయింది. ఆ కాగితం చూపించే వారం తర్వాత నా వారంటీ దరఖాస్తు తిప్పికొట్టారు.

12.7 అన్న లెక్క తప్పు కాదు. కాకపోతే అది విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ లెక్క. ప్యానెల్, లోడ్ రెండూ తీసేసి, కొన్ని గంటలు కదిలించకుండా ఉంచాక చూడాల్సిన అంకె. ఎండలో ఛార్జ్ అవుతున్నప్పుడు సగం ఖాళీగా ఉన్న బ్యాటరీ కూడా 13 పైనే చూపిస్తుంది. ఎండిన నేల మీద బిందెడు నీళ్లు గుమ్మరిస్తే కాసేపు పైనే నిలబడతాయి చూడండి, ఇదీ అంతే. ప్లేట్ల పైపైన చేరిన ఛార్జ్ లోపలికి దిగడానికి టైం పడుతుంది. పైన పటారం, లోన లొటారం.

అందుకే ఒక సాయంత్రం ప్యానెల్ వైరు, లోడ్ వైరు రెండూ ఊడదీశాను. మర్నాడు పొద్దున, పన్నెండు గంటల తర్వాత, టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెడితే 12.34 వోల్టులు. మూతలు తీసి, యాసిడ్ చిక్కదనాన్ని (గ్రావిటీని) కొలిచే హైడ్రోమీటర్‌తో బ్యాటరీలోని ఆరు సెల్సూ చూశాను; ఛార్జ్ ఎక్కేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది: 1.215, 1.215, 1.210, 1.210, 1.215, 1.205. నిండిన సెల్‌లో గ్రావిటీ 1.265 దగ్గర ఉండాలని మీ బ్యాటరీ బుక్‌లెట్‌లోనే ఉంది. అంటే ముందు రోజు పొద్దున్నే ‘ఫుల్’ అనిపించుకున్న బ్యాటరీలో ఉన్నది మూడింట రెండు వంతుల లోపే. (ఈ పరీక్షలో ఒక యాసిడ్ చుక్క పడి చొక్కాకు చిల్లు పడింది. అది మీ ఖాతాలో వేయడం లేదు.)

మరి కంట్రోలర్‌కు అంత తొందర ఎందుకు? నాలుగు రోజులు దాని ముందే కూర్చున్నాను. మీ మనుషులు కంట్రోలర్‌ను మెట్ల పైన, పొద్దున్నే ఎండ తగిలే గోడకు బిగించారు. బ్యాటరీ కింద, మెట్ల అడుగున చల్లగా ఉంది. పది గంటలకల్లా కంట్రోలర్ డబ్బా దగ్గర 42 డిగ్రీలు, బ్యాటరీ ఒంటి మీద 27. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఉన్నదేమో కంట్రోలర్ లోపల. 25 డిగ్రీలు దాటితే ఒక్కో డిగ్రీకి 24 మిల్లీవోల్టులు ఛార్జింగ్ వోల్టేజ్ తగ్గిస్తామని మీ కంట్రోలర్ కరపత్రంలో రాశారు. వేడి బ్యాటరీకి వోల్టేజ్ తగ్గించడం సరైన పనే, కానీ ఇక్కడ వేడెక్కింది బ్యాటరీ కాదు, డబ్బా! 17 డిగ్రీలకు 0.4 వోల్టు కోత. 14.4 దాకా వెళ్లాల్సిన ఛార్జింగ్ 14.0 దగ్గరే ఆగిపోతోంది.

అక్కడికి చేరాక కంట్రోలర్ అరగంట మాత్రమే లెక్కపెడుతుంది. అరగంట కాగానే ఫ్లోట్‌లోకి (నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచే సన్నటి ఛార్జింగ్‌లోకి) దిగి పచ్చ లైటు వేస్తుంది. ఆ క్షణంలో బ్యాటరీ వైరుకు, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించి చూశాను (ప్యానెల్ వైరుకు కాదు, అందులో లోడ్ కరెంటు కూడా కలుస్తుంది). బ్యాటరీ ఇంకా 11 ఆంపియర్లు లాగుతోంది. లైటు పచ్చబడగానే అది ఒక్క ఆంపియర్‌కు పడిపోయింది. నిండిన 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 14.4 దగ్గర రెండు మూడు ఆంపియర్లకు మించి తీసుకోదు. 11 లాగుతోందంటే ఆకలి తీరలేదనే అర్థం. ఆ తర్వాత మంచి ఎండ అంతా వృథా.

మీ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. “గంట గంటకు తీసిన మూడు రీడింగుల్లో గ్రావిటీ మారకపోతే ఫుల్ ఛార్జ్ అయినట్టు” అంటుంది బ్యాటరీ బుక్‌లెట్. “పచ్చ లైటు అంటే బ్యాటరీ ఫుల్” అంటుంది కంట్రోలర్ కరపత్రం. నా లాంటివాడు దేన్ని నమ్మాలి? సహజంగా లైటునే నమ్ముతాడు. ఎనిమిది నెలలు నేనూ దాన్నే నమ్మాను.

లోపం బ్యాటరీదా, కంట్రోలర్‌దా తేల్చుకోవడానికి వేరే ఛార్జర్ తెచ్చి, మూతలు వదులు చేసి, గాలి ఆడేలా తలుపులు తీసి, 14.4 వోల్టుల దగ్గర పెట్టాను. పదమూడు గంటలు పట్టింది. చివరి మూడు గంటలు సన్నటి బుడగలు, కరెంటు 2 ఆంపియర్ల దగ్గర నిలిచిపోయింది. నాలుగు సెల్స్ 1.260 దాటాయి. రెండు మాత్రం 1.245 దగ్గరే మొండికేశాయి. మర్నాడు విశ్రాంతి వోల్టేజ్ 12.61. అంటే బ్యాటరీ పుట్టుకతో మంచిదే. రోజూ అర్ధాకలితో ఉంచడం వల్ల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఆ రెండు సెల్స్ వెనకబడ్డాయి. నేను లోడ్ ఎక్కువ వాడడం వల్ల కాదు.

ఇంకో పరీక్ష కూడా చేశాను. కంట్రోలర్‌ను విప్పి కింద బ్యాటరీ పక్కన బిగించాను. వారం రోజులుగా పచ్చ లైటు మధ్యాహ్నం దాటాకే వస్తోంది. లైట్లు పదింటి దాకా వెలుగుతున్నాయి. అయినా లైటు పచ్చబడే సమయానికి బ్యాటరీ ఇంకా 6 ఆంపియర్లు లాగుతూనే ఉంది. చోటు మార్చితే వేడి సమస్య తీరింది గానీ, అరగంట లెక్క అలాగే ఉంది. మబ్బు పట్టిన రోజు ఇంకా అన్యాయం. ఎండ వచ్చీపోయీ ఉన్నప్పుడు ఆ అరగంటలో బ్యాటరీకి దక్కేది ఎంత?

కాబట్టి నేను అడిగేవి ఇవి. వారంటీ తిరస్కరణను వెనక్కి తీసుకుని, ఆ రెండు సెల్స్ కోసం మీ ఖర్చుతో ఈక్వలైజ్ ఛార్జ్ (వెనకబడ్డ సెల్స్‌ను మిగతావాటితో సమానం చేయడానికి కావాలని ఇచ్చే అదనపు ఛార్జింగ్) చేయించండి. గ్రావిటీ పెరగకపోతే బ్యాటరీ మార్చండి. నా కంట్రోలర్ బదులు, బ్యాటరీకి అంటించే బయటి సెన్సర్ ఉండి, అరగంట గడువుతో కాకుండా బ్యాటరీ లాగే కరెంటు తగ్గాకే ఫ్లోట్‌లోకి వెళ్లేది ఇవ్వండి. కరపత్రంలో “పచ్చ లైటు అంటే బ్యాటరీ ఫుల్” అన్న ఆ ఒక్క వాక్యం సరిచేయండి. ఇకమీదట వచ్చే టెక్నీషియన్ల చేతికి హైడ్రోమీటర్ కూడా ఇచ్చి పంపండి.

నేను రాసుకున్న రీడింగులు, మీటర్ల ఫోటోలు, కొనుగోలు బిల్లు, మీ టెక్నీషియన్ రాసిచ్చిన కాగితం జత చేశాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఫోన్ చేసి “పచ్చ లైటు వస్తోందా అండీ?” అని మాత్రం దయచేసి అడగకండి.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారుడు